గోడ మీద తాతయ్య.. ఎండలో ఆకుపచ్చ!

నలుపు-తెలుపు ఫొటో ప్రింట్ తీయడం రంగుల ఫొటో కన్నా తేలికని చాలామంది అనుకుంటారు. ఉన్నవే రెండు రంగులు కదా అని! ఇంక్‌జెట్ ప్రింటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క తిరగబడుతుంది. ఎందుకో, దాన్ని సరిచేయడం నేర్చుకుంటే ఏం పని దొరుకుతుందో చూద్దాం.

మా పిన్నివాళ్లు గుంటూరులో కొత్తిల్లు కట్టుకున్నారు. గృహప్రవేశం నాటికి హాల్లో తాతయ్య ఫొటో పెద్దది పెట్టాలని ఆమె కోరిక. చిక్కేంటంటే, తాతయ్యకు మిగిలింది ఒకే ఒక్క ఫొటో. వాళ్లది అవనిగడ్డ దగ్గర ఊరు. 1977 నవంబరు ఉప్పెనలో ఇంట్లో ఉన్నవన్నీ పోయాయి, ఆల్బమ్‌తో సహా. ఇదొక్కటీ అప్పటికే విజయవాడలో అమ్మమ్మ తమ్ముడి ఇంట్లో ఉండబట్టి బతికింది. వెడల్పు రెండున్నర అంగుళాలు, ఎత్తు మూడున్నర. చుట్టూ రంపపు పళ్లలాంటి అంచు. హైస్కూల్లో లెక్కల మాస్టారు కదా.. నల్లకోటు, జేబులో పెన్ను, కెమెరా వంక కాస్త అనుమానంగా చూస్తున్న ముఖం.

‘ఇంజినీరింగ్ చదివావుగా, నువ్వే చూడు’ అని పని నాకు అప్పజెప్పారు. మన ఇళ్లలో ఇంజినీరు అంటే మిక్సీ నుంచి ఆధార్ కార్డు దాకా అన్నిటికీ బాధ్యుడే.

స్కాన్ చేశా. మచ్చలు తుడిచా. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి ఒక షాపులో ఇచ్చా. వాళ్ల దగ్గర ట్యాంకులున్న ఆరు రంగుల ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంది. పది నిమిషాల్లో ప్రింట్ చేతికొచ్చింది. ట్యూబ్‌లైట్ కింద చూస్తే అద్భుతం. ఫ్రేము కట్టించి తీసుకెళ్లాం. గృహప్రవేశం రోజు పొద్దున పదిన్నరకి ఎండ గుమ్మంలోంచి వచ్చి సరిగ్గా ఆ గోడ మీద పడింది. తాతయ్య ముఖం ఆకుపచ్చకు తిరిగింది. ‘మా నాన్న చామనచాయరా.. ఇలా పాచి పట్టినట్టు లేడు’ అంది పిన్ని. నవ్వుతూ అనలేదు.

మర్నాడు షాపుకెళితే కుర్రాడు ప్రింట్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, ‘బాగానే ఉంది కదండీ’ అన్నాడు. నిజమే, అక్కడ బాగానే ఉంది! రోడ్డు మీదకు తెస్తే ఆకుపచ్చ, లోపలికి తీసుకెళితే మామూలు. ఒకే కాగితం, రెండు ముఖాలు. ‘ఇంక్‌జెట్‌లో బ్లాక్ అండ్ వైట్ ఇంతేనండీ’ అని తేల్చేశాడు. ఇంతే కాదు. ఎందుకు కాదో అర్థం చేసుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మిరియాల పొడి చల్లినట్టు

ప్రింటర్‌లో తెల్ల ఇంకు ఉండదు. తెలుపంటే కాగితమే. నలుపంటే ఇంకు. ముఖం, జుట్టు, పంచె మడతలు.. మనం చూసేదంతా ఆ రెండిటి మధ్యనుండే బూడిద ఛాయలే. మామూలు జేపెగ్ ఫైల్లో తెలుపు నుంచి నలుపు దాకా 256 మెట్లుంటాయి. ఉన్న ఒక్క నల్ల ఇంకుతో ఈ మెట్లన్నీ చూపించాలంటే ప్రింటర్‌కు దారి ఒకటే.. చుక్కల్ని దగ్గరగానో దూరంగానో వేయడం. దగ్గరగా వేస్తే ముదురు, దూరంగా వేస్తే లేత. వాకిట్లో ముగ్గు చుక్కల్ని మేడ మీద నుంచి చూస్తే కలిసిపోయినట్టు కనిపిస్తాయి కదా, అదే కిటుకు.

ఈ చుక్క ఎంత ఉంటుందో తెలుసా? మంచి ఫొటో ప్రింటర్లలో రెండు పికోలీటర్ల అటూ ఇటూ. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్లవ వంతు! అంత చిన్నదైనా, తెల్లటి నుదుటి మీద విడివిడిగా పడ్డ నల్లచుక్కల్ని కన్ను పసిగడుతుంది. మెరిసే బుగ్గ మీద మిరియాల పొడి చల్లినట్టు ఉంటుంది. అందుకని ప్రింటర్ తెలివిగా ఇంకో పని చేస్తుంది. లేత బూడిద రంగు కావాల్సిన చోట నలుపు వాడకుండా సియాన్, మెజెంటా, పసుపు ఇంకుల్ని కలిపేస్తుంది. మూడూ సమపాళ్లలో పడితే బూడిద వస్తుంది. మచ్చలు ఉండవు, నున్నగా ఉంటుంది.

తంటా అంతా ఆ ‘సమపాళ్ల’ దగ్గరే. రంగుల ఫొటోలో ఎర్ర పట్టుచీర కాస్త నారింజకు తిరిగినా ఎవరూ కనిపెట్టరు. చీర అసలు రంగేంటో ఫొటో చూసేవాళ్లకి తెలియదుగా. బూడిద రంగు అలా కాదు. అది ఏ పక్కకు వాలకూడదు. సియాన్ చిటికెడు ఎక్కువైతే చలికి వణికినట్టు, మెజెంటా ఎక్కువైతే చెంపదెబ్బ తిన్నట్టు ఉంటుంది ముఖం. ఆ కొద్ది తేడా కూడా కన్ను ఇట్టే పట్టేస్తుంది.

అయితే మా తాతయ్య షాపులో మామూలుగా ఉండి, ఎండలోకి రాగానే ఎందుకు మారాడు? దీనికో పేరుంది, మెటామెరిజం. ఎండలో ఇంద్రధనుస్సు రంగులన్నీ దాదాపు ఎడతెగకుండా ఉంటాయి. ట్యూబ్‌లైట్ వెలుగు అలా ఉండదు. కొన్ని రంగుల దగ్గర ఒక్కసారిగా పైకి లేస్తుంది, మిగతా చోట్ల పడిపోతుంది. మూడు రంగుల ఇంకులు కలిపి వండిన బూడిద రంగు ట్యూబ్‌లైట్ కింద సమంగా తూగినా, ఎండలో ఆ తూకం చెదిరిపోతుంది. కాగితం మారలేదు, దాని మీద పడే వెలుగు మారిందంతే. ఇదేదో మన చిన్న షాపులకే ఉన్న జబ్బు కూడా కాదు. 2000లో ఎప్సన్ తెచ్చిన స్టైలస్ ఫొటో 2000పి అనే పిగ్మెంట్ ప్రింటర్‌కు ఇదే పెద్ద చెడ్డపేరు తెచ్చింది. గదిలో బల్బు కింద చక్కగా ఉన్న ప్రింట్లు పగటి వెలుగులో ఆకుపచ్చగా కనిపించేవి.

మా ప్రింట్‌కి ఇంకో కారణం కూడా తోడైంది. ఆ షాపులో వాడుతున్నది కంపెనీ ఇంకు కాదు, బయట లీటర్ల లెక్కన దొరికేది. అది తప్పని నేననను, ఖర్చులు వాళ్లకీ ఉంటాయి. కానీ ప్రింటర్‌లోని సాఫ్ట్‌వేర్ ‘నా ఇంకు ఇలా ఉంటుంది, ఈ కాగితం మీద ఇంత పాకుతుంది’ అని ముందే లెక్క కట్టుకుని ఉంటుంది. ఇంకు మారినప్పుడు ఆ లెక్కా మార్చాలి. దాన్నే ప్రొఫైల్ అంటారు. మార్చకపోతే రంగుల పెళ్లి ఆల్బమ్‌లో గడిచిపోతుంది గానీ, నలుపు-తెలుపులో దొరికిపోతుంది.

కాటుకే మందు

జబ్బు ఇదైతే మందేంటి? బూడిద రంగు కావాలంటే బూడిద ఇంకే వాడటం. వినడానికి వెర్రి జవాబులా ఉంటుంది గానీ, ఇంక్‌జెట్ పరిశ్రమకు అది చేతికి రావడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఈ కథ మొదలైంది కూడా పోగొట్టుకున్న ఫొటోలతోనే. గ్రాహం నాష్ అని క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్ బృందంలోని గాయకుడు. ఆయనకు ఫొటోలంటే పిచ్చి. తను తీసిన పోర్ట్రెయిట్ల నెగెటివ్‌లు, ప్రింట్లలో చాలా భాగం ఒక ప్రచురణకర్తకు పంపుతుండగా దారిలో పోయాయి. మిగిలినవి కాంటాక్ట్ షీట్లు, అంటే అగ్గిపెట్టె కన్నా చిన్న బొమ్మలు. డిస్నీలో పనిచేసే డేవిడ్ కూన్స్ అనే ఇంజినీరు వాటినే స్కాన్ చేసి, పెద్దవి చేసి, ఐరిస్ అనే ఇంక్‌జెట్ యంత్రం మీద వాటర్ కలర్ కాగితంపై ప్రింట్ తీశాడు. 1990లో వాటితో ప్రదర్శన పెట్టారు. ఆ ఐరిస్ నిజానికి ప్రెస్సుల్లో ప్రూఫులు చూసుకోవడానికి చేసిన యంత్రం. నాష్ అదే ఏడాది 1,26,000 డాలర్లు పెట్టి ఒకటి సొంతానికి కొనేశాడు. ఆర్ట్ గ్యాలరీల్లోకి ఇంక్‌జెట్ అడుగుపెట్టడంలో ఆ యంత్రానిది పెద్ద పాత్ర. నాష్ కథ చదివిన రోజు రాత్రి నేను తాతయ్య ఫొటోని ఇంకోసారి స్కాన్ చేశా.

ఐరిస్ ప్రింట్లు అందంగానే ఉండేవి గానీ, వాటిలోని డై ఇంకులు కొన్నేళ్లకే వెలిసిపోయేవి. ఆ తర్వాత అమెరికాలోనే జాన్ కోన్ అనే ప్రింట్ నిపుణుడు ఇంకో దారి పట్టాడు. మామూలు ఎప్సన్ ప్రింటర్‌లోంచి రంగులన్నీ తీసేసి, వాటి స్థానంలో ముదురు నుంచి లేత దాకా నల్ల ఇంకులే రకరకాల పాళ్లలో నింపాడు. అదే పీజోగ్రఫీ. లేత చోట లేత ఇంకు పడుతుంది కాబట్టి మిరియాల పొడి బాధ లేదు. రంగులే లేవు కాబట్టి పాచి బాధా పెద్దగా లేదు. రాయ్ హారింగ్టన్ అనే ఆయన రాసిన క్వాడ్‌టోన్ రిప్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చాక ఏ ఛాయలో ఏ ఇంకు ఎంత పడాలో మనమే నిర్ణయించే వీలు దొరికింది. ఎప్సన్ 2005లో కె3 ఇంకులు తెచ్చింది. నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు.. ఒకే ప్రింటర్‌లో మూడు! ఆ ప్రింటర్లలోని ప్రత్యేక బ్లాక్ అండ్ వైట్ మోడ్‌లో పని దాదాపు అంతా ఈ మూడే చేస్తాయి. రంగు ఇంకులు ఛాయను కొద్దిగా అటో ఇటో తిప్పడానికి మాత్రమే. ఇప్పుడు ప్రొఫెషనల్ ఫొటో ప్రింటర్లన్నిటిదీ ఇంచుమించు ఇదే పద్ధతి.

ఈ నల్ల పిగ్మెంట్ ఏంటనుకున్నారు? కార్బన్. మసి. మన అమ్మమ్మలు ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి పట్టిన కాటుకకు చుట్టం. తాళపత్రాల మీద గంటంతో గీశాక అక్షరాలు కనిపించాలని రుద్దిందీ మసినే. వందల ఏళ్లయినా ఆ అక్షరాలు నల్లగానే ఉన్నాయి. వెలుతురు కార్బన్‌ను అంత తేలిగ్గా ఏమీ చేయలేదు. డై ఇంకు సంగతి వేరు. నీళ్లలో చక్కెరలా కరిగిపోయే రంగు అది. కాగితంలోకి ఇంకుతుంది, మెరుస్తుంది, కానీ ఎండకీ గాలిలోని ఓజోన్‌కీ త్వరగా లొంగిపోతుంది. కాబట్టి ఏళ్ల తరబడి గోడ మీద ఉండాల్సిన ఫొటోకు పిగ్మెంట్ ప్రింటే అడగండి. ఆల్బమ్‌లో మూసిపెట్టేదైతే డై చాలు.

నలుపు ఎంత నలుపు?

డార్క్‌రూమ్‌లో వెండి లవణాలతో తీసిన పాత ప్రింట్‌ని చేతిలో పట్టుకున్నవాళ్లు ‘ఆ లోతు ఇంక్‌జెట్‌లో రాదు’ అంటారు. సెంటిమెంట్ పక్కనపెట్టి కొలిచి చూద్దాం. నలుపు లోతును కొలవడానికి డెన్సిటీ అనే కొలత ఉంది. డెన్సిటీ 2 అంటే మీద పడిన వెలుగులో ఒక్క శాతమే తిరిగి వస్తోందని అర్థం. మెరుపున్న మంచి సిల్వర్ ప్రింట్‌లో అతి ముదురు నలుపు 2 నుంచి 2.2 దాకా వెళుతుంది. ఇవాళ్టి పిగ్మెంట్ ఇంకు, బరైటా తరహా మెరుపు కాగితం మీద 2.3 దాటుతుంది, అంటే వెనక్కి వచ్చే వెలుగు అర శాతమే. లెక్క ప్రకారం ఇంక్‌జెట్ ఎక్కడా తీసిపోలేదు.

అదే ఇంకు నూలుతో చేసిన మ్యాట్ కాగితం మీద 1.6, 1.7 దగ్గరే ఆగిపోతుంది. అక్కడ రెండు శాతం పైనే వెలుగు వెనక్కి వస్తుంది. అందుకే మ్యాట్ ప్రింట్‌లో నల్లకోటు ముదురు బొగ్గులా ఉంటుంది తప్ప నిగనిగలాడదు. చాలామందికి ఆ మెత్తదనమే ఇష్టం. నాకు మెరుపు కాగితమే నచ్చుతుంది గానీ, కిటికీకి ఎదురుగా తగిలించే ఫొటోకు దాన్ని వాడితే తాతయ్య బదులు కిటికీ ఊచలు కనిపిస్తాయి. ఇక్కడొక మెలిక ఉంది. మ్యాట్ కాగితానికి మ్యాట్ బ్లాక్, మెరుపు కాగితానికి ఫొటో బ్లాక్ అని నల్ల ఇంకులే రెండు రకాలు. సెట్టింగ్స్‌లో కాగితం పేరు తప్పు ఎంచుకుంటే మ్యాట్ మీద నలుపు వెలిసినట్టు వస్తుంది, మెరుపు కాగితం మీద చేతికి అంటుకుంటుంది. ‘ప్రింటర్ పాడైంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క క్లిక్కే.

వెండి ప్రింట్ గెలిచే చోటు ఇంకోటి ఉంది. అందులో బొమ్మ జిలటిన్ పొర లోపల ఉంటుంది. పిగ్మెంట్ ప్రింట్‌లో ఇంకు కాగితం మీద కూర్చుంటుంది. అందుకని మెరుపు కాగితాన్ని ఏటవాలుగా పట్టుకుంటే ఇంకు పడ్డ చోట రాగి రంగు తళుకు కనిపించొచ్చు. కొన్ని ప్రింటర్లు పైన రంగులేని పూత ఒకటి వేసి దీన్ని కప్పిపుచ్చుతాయి. అద్దం వెనక పెట్టి ఎదురుగా నిలబడి చూస్తే ఈ తేడా కనిపించదు. చేతిలో పట్టుకుని తిప్పి చూసేవాళ్లకి మాత్రం తెలుస్తుంది.

అన్నట్టు, నలుపు-తెలుపు ఫొటో అంటే కచ్చితంగా బూడిద రంగే ఉండాలని రూలేం లేదు. 1880ల్లో ఆరో నిజాం కొలువులో పనిచేసి, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ ప్రింట్లు చూడండి. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసినవి, గోధుమ-ఊదా కలిసిన ఛాయలో ఉంటాయి. ఇప్పటి ప్రింటర్లలోనూ ఛాయను వెచ్చగా, చల్లగా మార్చుకోవచ్చు. మనం కోరి తెచ్చుకున్న ఛాయ వేరు, అడక్కుండా వచ్చిన పాచి వేరు.

ఏఐ ఇచ్చిన కొత్త ముఖం

సగం ప్రింట్లు చెడేది ప్రింటర్‌లో కాదు, అంతకుముందే. నేను మొదటిసారి చేసిన తప్పులు చెబుతా, మీరు చేయకండి.

పాత ఫొటోను నలుపు-తెలుపే కదా అని గ్రేస్కేల్‌లో స్కాన్ చేశా. రంగుల మోడ్‌లోనే చేయాలి. ఎందుకంటే పాత ప్రింట్ మీద పడే పసుపు మరకలు నీలం ఛానెల్‌లో నల్లగా కనిపిస్తాయి గానీ, ఎరుపు ఛానెల్‌లో దాదాపు మాయమైపోతాయి. ఎరుపు ఒక్కటే తీసుకుంటే సగం మరకలు తుడవకుండానే పోయినట్టు. మా ఫొటోలో ఎడమ భుజం మీదున్న పెద్ద మరకతో నేను ఒక రాత్రంతా కుస్తీ పట్టా. రెండోసారి ఒక్క క్లిక్‌తో పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండో తప్పు 8 బిట్ ఫైల్. వెలిసిన ఫొటోలో 256 మెట్లలో ఏ నూరు మెట్లో మిగిలి ఉంటాయి. వాటిని సాగదీసి మళ్లీ తెలుపు నుంచి నలుపు దాకా పరిస్తే మధ్యలో ఖాళీలొస్తాయి. నున్నగా ఉండాల్సిన గోడ చారలు చారలుగా కనిపిస్తుంది. 16 బిట్‌లో స్కాన్ చేస్తే 65,536 మెట్లుంటాయి. ఎంత సాగదీసినా తెగదు. డబ్బులు పెట్టక్కర్లేని గింప్‌లో కూడా 2018లో వచ్చిన 2.10 వెర్షన్ నుంచి ఈ వీలుంది.

సైజు లెక్క సులువు. రెండున్నర అంగుళాల వెడల్పును అంగుళానికి 1200 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే 3000 పిక్సెళ్లు. ప్రింట్‌లో అంగుళానికి 300 సరిపోతాయి కాబట్టి 10 అంగుళాల వెడల్పు వస్తుంది. ఎత్తు 14. నేను 12×18 కాగితం మీద చుట్టూ తెల్ల అంచు వదిలి ఈ సైజే వేయించా. ఇంతకన్నా పెంచితే కొత్త వివరాలేమీ రావు, పాత కాగితం పోగులు కనిపిస్తాయి. స్కాన్ ఫైల్‌ని షాపుకు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపారో, పిక్సెళ్లు దారిలోనే రాలిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లండి.

ఇక ఏఐ. అందరిలాగే నేనూ ఒక యాప్‌లో వేసి చూశా. ముఖం మీది గీతలు మాయం, చర్మం పాలరాయి, కళ్లల్లో మెరుపు. అమ్మకు పంపితే ‘ఎవరీ అబ్బాయి?’ అని మెసేజ్ పెట్టింది. అక్కడ లేని సమాచారాన్ని యాప్ ఎక్కడి నుంచి తెస్తుంది? వేరే లక్షల ముఖాల్లోంచి. మామూలు సెల్ఫీ అయితే సరదాగా ఉంటుంది. మనిషికి ఉన్నదే ఒక్క ఫొటో అయినప్పుడు, దాని మీద వేరేవాళ్ల ముక్కు అతికిస్తే రేపు పిల్లలు అదే తాతయ్య అనుకుంటారు. గీతలు, చిరుగులు తుడవడానికి వాడుకోండి. ముఖం జోలికి మాత్రం వెళ్లనీయకండి.

ఇంకో మాట. ‘ఫోన్‌లో బాగుంది, ప్రింట్ చీకటిగా వచ్చింది’ అనేది రోజూ వినే గోల. ఫోన్ తెర తనంతట తను వెలుగుతుంది, కాగితం పక్కవాడి వెలుగు మీద బతుకుతుంది. ఫుల్ బ్రైట్‌నెస్‌లో చూసి సరిచేసిన ఫొటో కాగితం మీద చీకటిగానే వస్తుంది. తెర వెలుగును బాగా తగ్గించి, పక్కన తెల్ల కాగితం పెట్టుకుని, రెండూ ఒకేలా అనిపించే దాకా దించాక అప్పుడు ఫొటో చూడండి.

ఇరవై ఒక్క మెట్లు

రెండోసారి హైదరాబాద్‌లో పది ఇంకుల ప్రింటర్ ఉన్న ఒక ల్యాబ్‌కు వెళ్లా. ఖర్చు మొదటి షాపుకు అయిదారు రెట్లు. అక్కడి ప్రింట్ ఆపరేటర్ నేరుగా తాతయ్యను ప్రింట్ చేయలేదు. ముందు ఒక చిన్న పట్టీ తీశాడు. తెలుపు నుంచి నలుపు దాకా 21 గడులు, మెట్టు మెట్టుకూ సమానంగా ముదిరేలా. చివరి మూడు గడులూ కలిసిపోయి ఒకే నలుపులా కనిపించాయి. ‘మీ తాతగారి కోటు ఈ మూడు గడుల్లోనే ఉందండీ’ అన్నాడు. నూలు కాగితం మీద ఇంకు కాస్త పాకుతుంది, దాంతో ముదురు ఛాయలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అతను కర్వ్ సరిచేసి ఇంకో పట్టీ తీశాడు. ఈసారి గడులు విడిపోయాయి. అప్పుడు ముఖం, కోటు జేబు ఉన్న ముక్కను మాత్రం నాలుగు అంగుళాల సైజులో తీసి ‘డాబా మీదకెళ్లి చూసి రండి’ అన్నాడు.

ఎండలో చూశా, ట్యూబ్‌లైట్ కింద చూశా, మెట్ల దగ్గరున్న పసుపు బల్బు కింద చూశా. వెలుగును బట్టి మొత్తం ప్రింట్ కొద్దిగా వెచ్చబడింది, చల్లబడింది, అది తెల్ల కాగితానికీ జరిగేదే. ముఖం మాత్రం పక్కనున్న తెలుపుతో పాటే మారింది, విడిగా పచ్చబడలేదు. ఇది ఇంట్లో మీరూ చేయగల పరీక్ష. ఏ షాపులోనైనా పెద్ద ప్రింట్‌కు డబ్బులు కట్టేముందు చిన్నది తీయించుకుని గుమ్మం బయటికి వెళ్లి చూడండి.

పెద్ద ప్రింట్ తీశాక వెంటనే ఫ్రేములో బిగించనివ్వలేదు. కనీసం ఒక రోజు ఆరాలట. ఇంకులోని ద్రవాలు పూర్తిగా ఆవిరి కాకముందే మూసేస్తే అద్దం లోపల మబ్బు పట్టినట్టు పొర కడుతుంది. అద్దానికీ ప్రింట్‌కీ మధ్య ఖాళీ ఉండేలా మందపాటి మౌంట్ బోర్డు పెట్టించమన్నాడు. కోస్తా తేమకి అద్దానికి అతుక్కుపోయిన ఫొటోలు మనందరి ఇళ్లలోనూ ఉన్నాయి కదా. కాగితం మరీ తళతళ తెల్లగా ఉంటే అనుమానించమని కూడా చెప్పాడు. బట్టల సబ్బు పొడిలో వేసేలాంటి మెరుపు రసాయనాలు కలిపితే ఆ తెలుపు వస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ అవి పనిచేయడం మానేసి కాగితం పసుపుకు తిరుగుతుంది. అవి లేని నూలు కాగితం మొదటి నుంచీ కొద్దిగా మీగడ రంగులో ఉంటుంది.

ఇందులో పనుందా?

అతను డిగ్రీ మధ్యలో ఆపేసి, ఫ్లెక్సీల షాపులో చేరి, అక్కడి నుంచి ఇక్కడికొచ్చాడు. అతనికున్న నైపుణ్యం మన ఇంజినీరింగ్ సిలబస్‌లో ముక్కలు ముక్కలుగా ఉన్నదే.. సెన్సర్లు, కర్వ్ ఫిట్టింగ్, క్యాలిబ్రేషన్. కాకపోతే ఎవరూ దాన్ని కాగితం మీద ఇంకు దాకా తీసుకెళ్లి చెప్పరు. స్పెక్ట్రోఫొటోమీటర్‌తో గడులు కొలిచి, ప్రతి కాగితానికీ ప్రొఫైల్ తయారుచేయడం వచ్చినవాళ్లు ఫైన్ ఆర్ట్ ప్రింట్ ల్యాబ్‌లకు, ప్యాకేజింగ్ ప్రెస్సులకు, టెక్స్‌టైల్ డిజిటల్ ప్రింటింగ్ యూనిట్లకు అందరికీ కావాలి. ఆర్గిల్ సీఎంఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సిద్ధాంతం అంతా ఇంట్లోనే నేర్చుకోవచ్చు. కొలిచే పరికరమే ఖరీదు, నలుగురు కలిసి కొనుక్కోవాలి లేదా ల్యాబ్‌లో చేరి వాడాలి. ఫొటోగ్రఫీనే చదవాలనుకుంటే హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ కోర్సు ఉంది. నగరంలో ఏటా జరిగే ఇండియన్ ఫొటో ఫెస్టివల్‌కు వెళ్లి ప్రింట్ల ముందు ముక్కు ఆనించి చూడటం కూడా చదువే, దానికి ఫీజు లేదు.

ఊళ్లో ఉండి పాత ఫొటోలు బాగుచేసి ప్రింట్లు ఇద్దామనుకునేవాళ్లకు మొదట్లోనే లక్షల ప్రింటర్ అక్కర్లేదు. ట్యాంకు ప్రింటర్లలో గ్రే ఇంకు కూడా ఉన్నవి చూసుకోండి. ఎప్సన్ ఎల్8180, క్యానన్ జి670 లాంటివి. వీటిలో దాదాపు అన్నీ డై ఇంకులే కాబట్టి ఎండ తగిలే గోడకు పనికిరావని కస్టమర్‌కు ముందే చెప్పాలి. బూడిద ఛాయలు మాత్రం గ్రే ఇంకు లేని ఆరు రంగుల ప్రింటర్ కన్నా నిలకడగా వస్తాయి. పిగ్మెంట్ ప్రింటర్ కొంటే రోజులో ఒక్క ప్రింటైనా ఉండేలా చూసుకోండి. మన వేసవిలో నెల రోజులు ముట్టుకోకుండా వదిలేస్తే నాజిల్స్ గడ్డకట్టి, వాటిని శుభ్రం చేయడానికే ఇంకంతా అయిపోతుంది. ఇందులో లాభం ఎంతని నన్ను అడిగితే నిజాయతీగా చెబుతా.. ప్రింట్‌లో తక్కువ, ఫొటో బాగుచేయడంలో ఎక్కువ. ఓపిక ఉన్నవాళ్లకే ఈ పని.

కొత్త ఫ్రేము తీసుకుని గుంటూరు వెళ్లా. పిన్ని గోడకు తగిలించనివ్వలేదు. ముందు వరండాలోకి తీసుకెళ్లి, కుర్చీకి ఆనించి, ఎండలో చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత వంగి, కోటు జేబు దగ్గర అద్దం మీద వేలు పెట్టింది.

‘ఒరేయ్, రెండు పెన్నులున్నాయిరా!’

నిజంగానే రెండున్నాయి. చిన్న ఫొటోలో ఒక్కటే కనిపించేది, రెండోది కోటు నలుపులో కలిసిపోయింది. మొదటి ప్రింట్‌లో అయితే జేబే లేదు. ల్యాబ్‌లో అన్ని గడులు చూసిన నేను కూడా అది గమనించలేదు.

‘ఎడమది ఎర్రసిరాది. పేపర్లు దిద్దడానికి’ అంది పిన్ని.